బిల్లుకు ఫోన్ నంబరు అక్కర్లేదు

బట్టల షాపులో, మందుల షాపులో, సూపర్‌మార్కెట్లో బిల్లు కౌంటర్ దగ్గర ఫోన్ నంబరు అడిగితే ఇవ్వకండి. ఇవాళ్టి నుంచే ఆపేయండి. వ్యక్తిగత డేటాను కాపాడే చట్టం దేశంలో పూర్తిగా అమల్లోకి రావడానికి ఇంకా గడువుంది. ఈ గడువులోపు మనం ఒప్పుకుని ఇచ్చిన నంబరును, రేపు చట్టం అమలయ్యాక కూడా, మనంతట మనం వద్దనేదాకా దుకాణాలు వాడుకుంటూనే ఉండొచ్చు. కొనేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుందన్న భయంతోనే ఈ హెచ్చరిక.

కూకట్‌పల్లి మాల్‌లోనైనా, విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా, కరీంనగర్‌లో సందు చివరి మెడికల్ షాపులోనైనా జరిగేది ఒకటే. సరుకు స్కాన్ చేస్తారు. "నంబర్ చెప్పండి సార్" అంటారు. వెనక పదిమంది నిలబడి ఉంటారు. మనం పదంకెలూ గట్టిగా చదువుతాం, పక్క వరసలో ఉన్నవాళ్లకూ వినిపిస్తుంది. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు కదా అనిపిస్తుంది. కానీ అడిగే తీరులోనే, నంబరు లేకపోతే బిల్లు రాదేమో అన్న ధ్వని ఉంటుంది. మొహమాటం కొంత, తొందర కొంత. ఇచ్చేస్తాం.

అసలు బిల్లుకు నంబరు కావాలా? జీఎస్టీ నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్ లేని మామూలు కొనుగోలుదారు పేరు, చిరునామా బిల్లు మీద ఉండాల్సింది సరుకు విలువ రూ.50,000, ఆపైన ఉన్నప్పుడు. కొనుగోలు రూ.2 లక్షలు దాటితే పాన్ అడుగుతారు, నగలు కొన్నవాళ్లకు ఇది అనుభవమే. హెచ్1 షెడ్యూలు మందులు అమ్మితే మెడికల్ షాపు విడిగా ఒక రిజిస్టరు రాయాలి. అందులో డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారన్నది ఉండాలి. ఫోన్ నంబరు గడి వీటిలో ఎక్కడా లేదు. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్నీ, నమ్మి చెప్పిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం ఒప్పని రీతిలో ఇంకొకరికి చేరవేయడాన్నీ ఒకే గాటన కట్టి, రెండూ అక్రమ వ్యాపార పద్ధతులేనంది. నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో చిల్లర వ్యాపారులకు సూచించింది కూడా. "నంబర్ లేకపోతే సిస్టమ్ తీసుకోదండీ" అంటే అది సిస్టమ్‌ను అలా తయారుచేయించినవాళ్ల తప్పు.

మరి ఎందుకు అడుగుతారు? ఫోన్లో చూసే దుకాణాన్నీ, నడిచి వెళ్లే దుకాణాన్నీ ఒకటి చేయడానికి. వ్యాపారులు దీన్ని ఓమ్నీఛానెల్ అంటారు. ఇంట్లో కూర్చుని యాప్‌లో ఒక చీర చూశారు, కార్ట్‌లో వేసి వదిలేశారు. ఆదివారం అదే కంపెనీ షోరూమ్‌కి వెళ్లి నగదు ఇచ్చి వేరే చీర కొన్నారు. ఈ రెండు పనులూ చేసింది ఒకే మనిషని కంపెనీకి ఎలా తెలుస్తుంది? నగదు ఇచ్చిన మనిషికి పేరుండదు. నంబరు చెప్పగానే పేరొస్తుంది. యాప్‌లో వెతికినవి, షాపులో కొన్నవి, వెనక్కిచ్చినవి, మాల్‌లో ఉచిత వైఫై కోసం నమోదైన వేళ, ఆఫర్ లింకు నొక్కిన సమయం, అన్నీ పూసలను ఒకే దారానికి గుచ్చినట్టు ఆ పదంకెల మీద చేరతాయి.

ఇది ఆ కంపెనీతోనే ఆగితే కొంత నయం. పెద్ద ప్రకటనల వేదికలన్నిటికీ ఒక సదుపాయం ఉంది. దుకాణం తన ఖాతాదారుల నంబర్ల జాబితాను అక్కడికి ఎక్కిస్తుంది. ఆ వేదిక దాన్ని తన వాడకందార్లతో సరిపోల్చి, ఏ ప్రకటన చూసినవాళ్లు షాపుకొచ్చి కొన్నారో లెక్క చెబుతుంది. అలాంటి కొనుగోలుదార్లనే వెతికి మళ్లీ ప్రకటనలు చూపిస్తుంది. నంబరును సంకేతంగా మార్చి పంపుతాం కాబట్టి భయం లేదని ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం నిలిచేది కాదు. ఒకే నంబరును ఒకే పద్ధతిలో ఎవరు మార్చినా ఒకే సంకేతం వస్తుంది. రెండు జాబితాలు కలిసేదే అందువల్ల. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి, పదంకెలుంటాయి. అంటే మొత్తం 400 కోట్లకు మించి ఉండే వీలే లేదు. అన్నిటికీ సంకేతాలు లెక్కగట్టి పెట్టుకోవడం ఈనాటి కంప్యూటర్లకు పెద్ద పని కాదు.

చీరల సంగతి సరే. మందుల దగ్గర ఆగి ఆలోచించాలి. చక్కెర వ్యాధి స్ట్రిప్పులు, థైరాయిడ్ మాత్రలు, గర్భ నిర్ధారణ కిట్లు, నిద్ర పట్టని మనిషి వేసుకునే గోలీలు, మనోవ్యాధికి వాడే మందులు, ఇవన్నీ ఒక నంబరు కింద తేదీలతో సహా వరసగా పేరుకుంటాయి. ఒక కుటుంబం ఆరోగ్య చరిత్ర అంతా అక్కడుంటుంది. ఏ డాక్టరు దగ్గరా అంత పూర్తిగా ఉండదు. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో అందరూ ఒకే నంబరు చెబుతారు, ఎక్కువగా నాన్నది. పెళ్లికాని కూతురు కొన్న మందుకు బిల్లు నాన్న వాట్సాప్‌కి వెళుతుంది. కోడలు కొన్నదానికి 'మీ మందులు అయిపోయే వేళైంది' అని గుర్తుచేసే సందేశం మామగారి ఫోన్లో మోగుతుంది. కంపెనీ దృష్టిలో అది మంచి సేవ. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరుగుతుందో కంపెనీకి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం తనకు ఉందని కూడా అనుకోదు. పోనీ ఆ నంబరే మారిపోతే? వదిలేసిన నంబరును 90 రోజుల తర్వాత టెలికాం కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. దుకాణం రికార్డులో మాత్రం అది మన పేరు మీదే ఉంటుంది. మన బిల్లులు, మన మందులను గుర్తుచేసే సందేశాలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తాయి.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఓటీపీ. చాలా షాపుల్లో ఇప్పుడు నంబరుతో ఆగడం లేదు. "మీకో ఓటీపీ వచ్చింది చూడండి, చెప్పండి" అంటున్నారు. పాయింట్లు వాడుకోవాలన్నా, సభ్యత్వం తీసుకోవాలన్నా, కూపన్ చెల్లాలన్నా అంతే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, రిజర్వు బ్యాంకు, పోలీసులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. ఎంతో కష్టం మీద మన అమ్మలకు, నాన్నలకు ఆ ఒక్క మాట తలకెక్కింది. ఇప్పుడు బిల్లు కౌంటర్ ఆ పాఠాన్ని రోజూ చెరిపేస్తోంది. యూనిఫాం వేసుకున్న మనిషి మర్యాదగా అడిగితే చెప్పొచ్చన్న అలవాటు వాళ్లకు నేర్పుతోంది. రేపు అదే మర్యాదతో ఒక ఫోన్ వస్తుంది. "అమ్మా, మొన్న ఆషాఢం ఆఫర్లో మా దగ్గర పట్టుచీర తీసుకున్నారు కదా, లక్కీ డ్రాలో మీ నంబరు తగిలింది" అంటుంది ఆ గొంతు. చీర రంగు చెబుతుంది, ధర చెబుతుంది, ఏ బ్రాంచిలో కొన్నారో చెబుతుంది. నమ్మకుండా ఎలా ఉంటారు? ఆ తర్వాత వచ్చే ఓటీపీ బ్యాంకుది. కౌంటర్లో చెప్పినట్టే దాన్నీ చదివేస్తారు.

కొనుగోలు వివరాలు మోసగాళ్ల చేతికి ఎలా వస్తాయని అడుగుతారేమో. వచ్చాయి. 2021 మేలో డొమినోస్ ఇండియాకు సంబంధించి 18 కోట్ల ఆర్డర్ల వివరాలు బయటపడ్డాయి. దొంగిలించినవాళ్లు వాటిని వెతుక్కోవడానికి ఏకంగా ఒక పేజీ తయారుచేశారు. ఫోన్ నంబరు కొడితే చాలు, ఆ నంబరు మీద ఏమేం తెప్పించుకున్నారో, ఏ చిరునామాకు తెప్పించుకున్నారో కనిపించేది. మన నంబరు దేనికి తాళంచెవో అంతకన్నా తేటగా ఎవరూ చూపించలేరు. 2022 జనవరిలో ఆదిత్య బిర్లా ఫ్యాషన్ అండ్ రిటైల్ నుంచి 54 లక్షల ఈమెయిల్ ఖాతాలకు చెందిన వివరాలు బయటికొచ్చాయి. పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, ఆర్డర్ల చరిత్ర అందులో ఉన్నాయి. ఇవి చిన్నా చితకా దుకాణాలు కావు. భద్రత మీద డబ్బు ఖర్చు పెట్టగల సంస్థలు.

షాపునూ ఆన్‌లైన్‌నూ ఒకే తీగకు కట్టినప్పుడు ఏమవుతుందో తెలియాలంటే బ్రిటన్ వైపు చూడాలి. 2025 ఏప్రిల్లో ఈస్టర్ రోజుల్లో అక్కడి పెద్ద దుకాణాల సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్ మీద సైబర్ దాడి జరిగింది. సంస్థ మనుషులమేనని నమ్మించి, దాడి చేసినవాళ్లు ఒక బయటి సంస్థ ద్వారా లోపలికి చొరబడ్డారు. షాపుల్లో కార్డు తాకించి చెల్లించడం ఆగింది. ఆన్‌లైన్లో కొని షాపులో తీసుకోవడం ఆగింది. ఆన్‌లైన్ ఆర్డర్లు ఆరు వారాలకు పైగా బందయ్యాయి. సరుకు లెక్కలు చూసే వ్యవస్థలను ఆపేయడంతో కొన్ని షాపుల్లో తిండి వస్తువుల అరలు ఖాళీ అయ్యాయి. లాభాల్లో సుమారు 30 కోట్ల పౌండ్ల దెబ్బ తగులుతుందని ఆ సంస్థే అంచనా వేసింది. కొనుగోలుదార్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, ఆర్డర్ల చరిత్ర పోయాయి. అదే కాలంలో దాడికి గురైన మరో బ్రిటన్ దుకాణాల సంస్థ కో-ఆప్ నుంచి 65 లక్షల మంది సభ్యుల వివరాలు వెళ్లిపోయాయి. ఆ సభ్యులందరూ ఒకప్పుడు సభ్యత్వం కోసం వివరాలు ఇచ్చినవాళ్లే. కంపెనీ నష్టాన్ని బీమా కొంత పూడుస్తుంది. పుట్టిన తేదీ పోయిన మనిషికి కొత్త పుట్టిన తేదీ ఎవరూ ఇవ్వలేరు.

ఇక చట్టం మాట. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అయితే సమ్మతి, నోటీసు, చెరిపివేత, పిల్లల రక్షణ వంటి అసలు భాగాలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఆ లెక్కన అవి అమల్లోకి వచ్చేది 2027 మేలో. మంచి చట్టమే. సమ్మతి స్వేచ్ఛగా ఉండాలంటుంది, షరతులు ఉండకూడదంటుంది, పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలంటుంది. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలంటుంది. భద్రతా జాగ్రత్తలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా రాసింది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది, అది సరిగ్గా మందుల షాపుదే. కొనుగోలుదారు తనంతట తాను నంబరు ఇచ్చి, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమని అడిగితే, ఆ మెసేజ్ పంపడానికి షాపు ఆ నంబరును వాడొచ్చు. ఆ ఉదాహరణలోని వాడకం అంతవరకే. నేడు కౌంటర్లలో జరుగుతున్నది దీనికి ఎంత దూరమో చూడండి.

అదే చట్టంలో 5వ సెక్షన్ దగ్గర మనం మేలుకోవాలి. చట్టం అమలుకు ముందే సమ్మతి ఇచ్చినవారికి, అమలయ్యాక వీలైనంత త్వరగా ఒక నోటీసు పంపితే సరిపోతుంది. మనిషి వద్దని చెప్పేదాకా ఆ డేటాను వాడుకుంటూ పోవచ్చు. ఆ నోటీసు ఎలా వస్తుందో మనకు తెలుసు. వంద ఆఫర్ మెసేజ్‌ల మధ్యలో ఒకటిగా వస్తుంది. ఎంతమంది చదువుతారు? చదివినా ఏయే షాపుల్లో నంబరు ఇచ్చామో గుర్తు పెట్టుకుని ఒక్కొక్కరికీ వద్దని రాసేదెవరు? కార్డు విషయంలో రిజర్వు బ్యాంకు ఇంత మెతకగా లేదు. 2022 అక్టోబరు 1 తర్వాత వ్యాపారి దగ్గర కార్డు నంబరు దాచుకోవడమే కుదరదంది. ఖాతాదారు మీద భారం వేయకుండా వ్యాపారి చేతిలోంచే తీసేసింది. ఫోన్ నంబరుకు అలాంటి కంచె లేదు. ఆ కంచె వచ్చేదాకా మన నోరే కంచె.

షాపునూ ఆన్‌లైన్‌నూ కలపడమే తప్పని నేననడం లేదు. కావలసిన సైజు ఏ బ్రాంచిలో ఉందో బయల్దేరకముందే చూసుకోవడం మంచి సౌకర్యం. ఆన్‌లైన్లో కొన్నది పక్క వీధి షాపులో మార్చుకోగలిగితే ఇంకా మంచిది. సరుకు లెక్క ఒకటైతే ఇవి రెండూ జరుగుతాయి. అందుకు మనిషి చరిత్ర ఒకటి కానక్కర్లేదు. ఫ్రిజ్ కొంటే డెలివరీకి నంబరు కావాలి, మిక్సీ వారంటీకి కావాలి, మరమ్మతుకిస్తే కావాలి. అక్కడ ఇవ్వండి. సబ్బులకు, లుంగీలకు, పారాసెటమాల్‌కు ఎందుకు?

కౌంటర్లో ఉన్న అమ్మాయితో గొడవ పెట్టుకోవద్దు. రోజుకు ఇంతమంది నంబర్లు రాబట్టాలని పైనుంచి ఆమె మీద ఒత్తిడి ఉండొచ్చు, ఆమె జీతం దానితో ముడిపడి ఉండొచ్చు. "నంబర్ ఇవ్వనమ్మా, కాగితం బిల్లు చాలు" అంటే సరి. చాలాచోట్ల పని అయిపోతుంది, ఆమెకు సిస్టమ్‌ను దాటించడం తెలుసు. కుదరదంటే మేనేజరును పిలవమనండి. అప్పుడూ కుదరదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి షాపు పేరు, బ్రాంచి, తేదీ చెప్పండి. దసరాకు, సంక్రాంతికి పెట్టెలో వేసే లక్కీ డ్రా కూపన్ల మీద పేరు, నంబరు, చిరునామా రాసేముందు ఆ కాగితాలు తర్వాత ఎక్కడికి పోతాయో అడగండి. జవాబు లేకపోతే రాయకండి. పిల్లల పుట్టినరోజు క్లబ్బుల్లో మీ పాప పేరు, పుట్టిన తేదీ అస్సలు ఇవ్వకండి. పిల్లలకు గురిపెట్టిన ప్రకటనలను కొత్త చట్టం నిషేధించింది గాని ఆ నిషేధమూ 2027 మే కోసమే ఎదురుచూస్తోంది.

ఇప్పటికే ఇచ్చేసిన నంబర్ల సంగతి? యాప్‌లో ఖాతాను తొలగించే వీలుంటే తొలగించండి, యాప్‌ను ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన ఖాతా పోదు. కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ రాసి, నా వివరాలు చెరిపేయండని అడగండి, జవాబును దాచుకోండి. ప్రచార మెసేజ్‌లు ఆగాలంటే 1909లో నమోదు చేసుకోండి. పంపినవారి పేరు చివర ఇంగ్లిష్ 'పి' అక్షరం ఉంటే అది ప్రచార సందేశమని గుర్తు. బిల్లు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్‌ను ఎక్కించే ఫైలు) వస్తే తెరవొద్దు, ఏ షాపూ బిల్లును ఏపీకేగా పంపదు. గోడ మీద క్యూఆర్ స్కాన్ చేస్తే తగ్గింపు అంటూ ప్లేస్టోర్ బయటి నుంచి యాప్ ఎక్కించుకోమంటే అక్కడే ఆగిపోండి.

చిన్న దుకాణదార్లకూ ఒక మాట. మీ క్యూఆర్ కోడ్ మీదే మోసం జరగొచ్చు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో రాత్రికి రాత్రి దుకాణాల బయట ఉన్న క్యూఆర్ కోడ్‌ల మీద వేరేవి అతికించిపోయారు. తెల్లారి కొనుగోలుదార్లు కట్టిన డబ్బు మోసగాళ్ల ఖాతాలోకి వెళ్లింది. పొద్దున షట్టరు ఎత్తగానే మీ ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేసి పేరు మీదేనా చూసుకోండి. కొనేవాళ్లు కూడా పిన్ కొట్టే ముందు తెర మీద పేరును చదవాలి. డబ్బు మన ఖాతాకు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు.

పెద్ద సంస్థల యజమానులు 2027 దాకా ఆగాల్సిన పని లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో 'నంబరు వద్దు' అన్న మీట పెట్టించడానికి ఎంత కాలం పడుతుంది? నంబర్ల లక్ష్యాలను కౌంటర్ సిబ్బంది మీద నుంచి ఎత్తేయండి. పాయింట్ల కోసం ఓటీపీని నోటితో చెప్పించే పద్ధతిని ఈ నెలలోనే ఆపండి. కావాలంటే కొనుగోలుదారు తన ఫోన్లోనే నొక్కేలా చేయండి. మూడేళ్ల కిందటి కొనుగోళ్ల వివరాలతో మీకేం పనో మీరే చూసుకుని, పని లేకపోతే చెరిపేయండి. మీ దగ్గర లేని డేటాను ఏ దొంగా ఎత్తుకుపోలేడు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కేంద్రం వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. తూనికలు, కొలతల శాఖ అధికారులు ఎలాగూ షాపులకు వెళ్లి కాటాలు చూస్తున్నారు. ప్రతి బిల్లు కౌంటర్ దగ్గర 'ఫోన్ నంబరు ఇవ్వడం మీ ఇష్టం, ఇవ్వకపోయినా బిల్లు ఇస్తాం' అని తెలుగులో, కనిపించేంత పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టేలా పౌరసరఫరాల, వినియోగదారుల వ్యవహారాల శాఖలు చూడాలి. మందుల షాపులతో మొదలుపెట్టాలి.

ఆ బోర్డు వచ్చేదాకా మీ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఈ వారమే రెండు మాటలు చెప్పండి. బిల్లు కోసం షాపులో ఎవరడిగినా నంబరు చెప్పక్కర్లేదు, ఓటీపీ మాత్రం ఎవరికీ, షాపువాళ్లకు కూడా, పైకి చెప్పకూడదు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలని కాగితం మీద రాసి వాళ్ల ఫోన్ కవరు వెనక పెట్టండి. మొదటి గంటలో చెబితే బ్యాంకు ఆ డబ్బును ఆపగలిగే అవకాశం ఎక్కువ.